టీషర్టుల బొంత: కొంత చరిత్ర, కొంత నా గోల

సాఫ్టువేరు వాళ్ళ ఇంట్లో దేనికి కరువున్నా టీషర్టులకి మాత్రం ఉండదు. ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళినందుకొకటి, కంపెనీకి పదేళ్ళు నిండినందుకొకటి, ఆదివారం పొద్దున్నే లేచి ఐదు కిలోమీటర్లు పరిగెత్తినందుకొకటి (పరిగెత్తకపోయినా డబ్బులు కట్టినందుకు ఇస్తారు, అది వేరే సంగతి). కాలేజీ చివరి రోజున క్లాసంతా సంతకాలు పెట్టిన తెల్ల టీషర్టు అడుగున ఎక్కడో నలిగిపోయి ఉంటుంది. వేసుకోం, అలాగని పారెయ్యం. బీరువా తలుపు పట్టనప్పుడల్లా ఇంట్లో చిన్న సైజు యుద్ధం.

అమెరికా వాళ్ళు దీనికో మందు కనిపెట్టారు. టీషర్టు మీద బొమ్మ ఉన్న భాగాన్ని చదరంగా కత్తిరిస్తారు. అలాంటి చదరాలు ఓ పన్నెండో ఇరవయ్యో కలిపి కుట్టి, కింద ఇంకో బట్ట, మధ్యలో దూది పొర వేసి దుప్పటి చేసుకుంటారు. మెమరీ క్విల్ట్ అంటారు. హైస్కూలు ముగించి కాలేజీకి వెళ్ళే పిల్లలకి ఇలాంటిది చేసివ్వడం అక్కడ బాగా మామూలు. కుట్టే ఓపిక లేకపోతే టీషర్టులు పోస్టులో పంపితే చాలు, కుట్టి పంపే వ్యాపారాలు కూడా ఉన్నాయి. అక్కడున్న మనవాళ్ళ ఇళ్ళకీ చేరింది ఈ అలవాటు. నేను చూసిన ఒకదాంట్లో స్కూలు బ్యాండు టీషర్టు పక్కనే తానా సభల టీషర్టు ఉంది.

"ఓస్, ఇంతేనా, మా అమ్మమ్మ బొంత కుట్టేది కదా" అంటారు మీరు. నిజమే. పాత చీరలు, నాన్నల పంచెలు పొరలు పొరలుగా పేర్చి, అంచుల దగ్గర్నుంచి పొడుగాటి సూదితో బారుగా కుట్టుకుంటూ పోతే బొంత. పురిటి పిల్లకి కొత్త గుడ్డ గుచ్చుకుంటుందని పాత చీర బొంతలోనే పడుకోబెట్టేవాళ్ళు. వందసార్లు ఉతికిన నూలు బట్టకుండే మెత్తదనం ఏ షాపులోనూ కొనలేం మరి. మన ఒక్కళ్ళకే కాదు, బెంగాల్లో కాంథా, మహారాష్ట్రలో గోధడీ, కర్ణాటకలో కౌదీ, ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది, అన్నీ ఈ కుటుంబమే. కంథ అంటే బొంత అని మన నిఘంటువుల్లోనూ ఉంది.

కానీ మన భాషలో బొంతకి మర్యాద లేదు. "అతుకుల బొంత" అంటే తిట్టు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత, పదేళ్ళ నించి పదిమంది చేతులు పడ్డ కోడు అతుకుల బొంత. అన్నట్టు మనం రోజూ వేసే ప్యాచ్ కూడా అసలు అతుకే. 1944లో హార్వర్డులో నడిచిన మార్క్ వన్ యంత్రానికి ప్రోగ్రాము అంటే చిల్లులు పెట్టిన కాగితం టేపు. చిల్లు తప్పుచోట పడితే దానిమీద చిన్న కాగితం ముక్క అంటించి మూసేసేవాళ్ళు. అదీ ప్యాచ్. అంటే బొంత కుట్టిన అమ్మమ్మా, అర్ధరాత్రి ప్రొడక్షన్లో ప్యాచ్ వేసే మనవడూ ఒకే వృత్తిలో ఉన్నారన్నమాట :-)

సరే, అసలు విషయానికొస్తే, అమ్మమ్మ బొంతకీ టీషర్టుల క్విల్టుకీ ఒక పెద్ద తేడా ఉంది. బొంతలో ఉండేది వాడకం. క్విల్టులో ఉండేది బొమ్మ. బొంతలోకి వెళ్ళే చీర కట్టీ కట్టీ అరిగిపోయినది. క్విల్టులోకి వెళ్ళే టీషర్టుని బాగా మెరుస్తున్న లోగో చూసి ఎంచుతాం, అంటే చాలాసార్లు అసలు వేసుకోనిదే. మరి జ్ఞాపకం దేంట్లో ఉంటుంది? బట్ట మీద అచ్చేసిన అక్షరాల్లోనా, అరిగిన చోటులోనా? ఈ ప్రశ్నకి ఆ క్విల్టుల చరిత్రలోనే జవాబుందని నాకనిపిస్తోంది. అందుకే ఇంత గోల.

ముందు ఒక అపోహ సంగతి చెప్పాలి. అమెరికాకి మొదట వెళ్ళిన వలసవాళ్ళు గతిలేక చింపిరి గుడ్డలు అతికి క్విల్టులు కుట్టుకున్నారనీ, అక్కడ్నించే ఈ కళ పుట్టిందనీ చాలాచోట్ల చదువుతాం. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. ఆ రోజుల్లో బట్ట చాలా ఖరీదు. క్విల్టు ఉందంటే అది డబ్బున్నవాళ్ళ ఇల్లు. పేదవాళ్ళు కప్పుకున్నవి మామూలు కంబళ్ళు.

ఆ డబ్బున్నవాళ్ళు మోజుపడ్డ బట్ట ఎక్కడిదో తెలుసా? మనది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో దిగింది. డచ్చివాళ్ళు అంతకు ముందే వచ్చారు. వాళ్ళందరికీ కావలసింది కోరమాండల్ తీరపు అద్దకం బట్ట. ఉతికినా వెలవని రంగులు, కొమ్మలూ పూలూ పిట్టలూ. మంచం మీద పరిచే పెద్ద కలంకారీ దుప్పట్లని పలంపోర్లు అనేవాళ్ళు (పలంగ్ పోష్ అన్న మాట వాళ్ళ నోట్లో అలా అయింది). ఐరోపా మిల్లులేవీ దీనికి సాటి రాలేదు. చివరికి ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1721లో ఇలాంటి అద్దకం నూలు బట్టల వాడకాన్నే చాలావరకు ఆపేస్తూ చట్టం చేసింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే చవకగా మంచి సరుకు ఇస్తున్న అవుట్‌సోర్సింగుని చట్టం పెట్టి ఆపడం. వినడానికి కొత్తగా ఏం లేదు కదూ?

అంత ప్రియమైన బట్ట కాబట్టి చిరిగినా పారేసేవాళ్ళు కాదు. బాగున్న పువ్వునీ పిట్టనీ జాగ్రత్తగా కత్తిరించి, తెల్ల గుడ్డ మీద పరిచి, అంచులు కుట్టి కొత్త దుప్పటి చేసుకునేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పద్ధతికి ఫ్రెంచిలో "పర్షియా ఎంబ్రాయిడరీ" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. బట్ట మన తీరానిది, పేరు పర్షియాకి. టీషర్టు లోగో కత్తిరించి దుప్పటికి కుట్టడానికి ముత్తాత ఇదే అనుకోవచ్చు. బట్టలో నచ్చిన బొమ్మని కాపాడుకోవడం.

గుడ్డ ముక్కలతో క్విల్టు మామూలు జనం ఇళ్ళకి రావడానికి పంతొమ్మిదో శతాబ్దం కావలసొచ్చింది. 1790లో శామ్యూల్ స్లేటర్ రోడ్ ఐలండులో నూలు వడికే యంత్రాలు నడిపించాడు. 1793లో ఎలీ విట్నీ పత్తి నుంచి గింజ తీసే జిన్ను చేశాడు. అద్దకం బట్ట చవకైంది. చవకైన కొద్దీ గౌను కుట్టగా మిగిలిన ముక్కలు పెరిగాయి. పేదరికం వల్ల కాదు, బట్ట దొరకడం వల్ల పుట్టింది అమెరికా అతుకుల క్విల్టు. ఐతే ఆ చవక ఎవరి ఖర్చుతో? 1790 జనాభా లెక్కల్లో అమెరికాలో బానిసలు దాదాపు 7 లక్షలు. 1860 లెక్కల్లో దాదాపు 40 లక్షలు. మధ్యలో జరిగింది ముఖ్యంగా పత్తి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

జ్ఞాపకం కోసమే కుట్టిన క్విల్టులు 1840లలో బాగా కనిపిస్తాయి. అప్పట్లో కుటుంబాలు బళ్ళు కట్టుకుని పడమటికి వలస పోతున్నాయి. వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపిస్తారన్న నమ్మకం లేదు. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళు తలా ఒక చదరం కుట్టి, దానిమీద చెరగని సిరాతో సంతకం పెట్టి, అన్నీ కలిపి వెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. మన కాలేజీ చివరి రోజు టీషర్టు ఉంది చూశారా, అచ్చం అదే. వాళ్ళ దగ్గర ఫోను లేదు, అంతే తేడా.

అదే కాలంలో కెంటకీలో ఎలిజబెత్ రోజ్‌బెరీ మిచెల్ అనే ఆవిడ ఒక క్విల్టు కుట్టింది. ఇద్దరు కొడుకులు పోయారు. వాళ్ళ సమాధులు ఒహాయోలో ఉండిపోయాయి, కుటుంబం కెంటకీకి వచ్చేసింది. 1843 నాటి ఆ క్విల్టు మధ్యలో ఒక స్మశానం కుట్టి ఉంటుంది, చుట్టూ కంచె, గేటు నుంచి దారి. అంచుల వెంట బట్టతో చేసిన చిన్న శవపేటికలు, వాటికి ఇంట్లోవాళ్ళ పేర్లు. ఒక్కొక్కళ్ళూ పోయినప్పుడల్లా ఆ పేటికని అంచు నుంచి ఊడదీసి మధ్యలో స్మశానంలోకి మార్చి కుట్టడానికని ఆ ఏర్పాటు. మొదటిసారి దాని ఫొటో చూసినప్పుడు నాకు కొంచెం భయమేసింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ బాధ అర్థమైంది. సమాధి దగ్గరికి వెళ్ళి కూర్చునే వీలు లేని తల్లి ఒళ్ళో పెట్టుకునేలా స్మశానాన్ని కుట్టుకుంది.

ఇక్కడిదాకా అన్నీ పేర్లతో, బొమ్మలతో చెప్పిన జ్ఞాపకాలే. బొమ్మా, పేరూ ఏదీ లేని జ్ఞాపకం కోసం అలబామా వెళ్ళాలి.

అలబామా నది మూడు వైపులా చుట్టుకున్న ఒక ఊరు, గీస్ బెండ్. ఒకప్పుడది పత్తి తోట. తోట యజమాని పెట్‌వే. బానిసత్వం పోయాక కూడా అక్కడి నల్లవాళ్ళు యజమాని ఇంటిపేరుతోనే, అదే నేలమీద కౌలుదార్లుగా మిగిలిపోయారు. 1932లో అప్పులిచ్చిన వ్యాపారి చనిపోతే, బాకీల కింద ఊరివాళ్ళ పనిముట్లు, గొడ్డూ గోదా, తిండి గింజలతో సహా పట్టుకుపోయారు. మన పల్లెల్లో జప్తు అంటే తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు చలికి క్విల్టులు కుట్టింది వాడి పారేసే పని బట్టలతో. మోకాళ్ళ దగ్గర అరిగిన ప్యాంట్లు, మూటల గుడ్డ, ఏది దొరికితే అది.

అక్కడ మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త చనిపోయాడు. ఆయన పొలంలో వేసుకున్న బట్టలన్నీ తీసి 1942లో ఆవిడ ఒక క్విల్టు కుట్టింది. కూతురు ఆర్లోంజియా, పెద్దయ్యాక ఈ సంగతి చెప్పింది. ఆయన గుర్తుగా ఉంటుంది, ప్రేమగా కప్పుకుంటాను అని తల్లి అన్నదట. ఆ క్విల్టు మీద ఒక్క అక్షరం లేదు. పువ్వు లేదు. వెలిసిపోయిన నీలం, బూడిద, ఎరుపు పట్టీలు, మరకలు. గీస్ బెండు పని బట్టల క్విల్టుల్లో చూస్తే, ఎండకి మొత్తం వెలిసిన గుడ్డలో జేబు ఊడదీసిన చోట మాత్రం ముదురు రంగు చదరంగా మిగిలి ఉంటుంది. అక్కడ ఒక మనిషి చెయ్యి రోజూ వెళ్ళేదని ఆ చదరమే చెప్తుంది. పత్తి ఏరే పనికి కట్టుకున్న నూలు బట్ట అది. ఇందాక గుర్తుంచుకోమన్న లెక్క ఇదిగో, ఇక్కడికొచ్చింది. మిగతా దేశానికి బట్ట చవక చేసిన మనుషుల సంతతి, తమకి మిగిలిన అరిగిన బట్టతో కుట్టుకున్నారు.

2002లో ఈ ఊరి క్విల్టుల్ని హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్కు విట్నీ మ్యూజియంలో గోడలకి వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ స్టాంపులు వేసింది. విమర్శకులు గొప్ప ఆధునిక చిత్రకళతో పోల్చారు. పోల్చనీండి, మంచిదే. నాకు మాత్రం ఆ జేబు చోటు ముందు కళ గురించి మాట్లాడబుద్ధి కాదు.

ఇక టీషర్టు ఎప్పుడొచ్చింది కథలోకి? అసలు అది లోపల వేసుకునే బనీను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా నౌకాదళం తన మనుషులకి ఇచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు ఎండకి పై చొక్కా విప్పేసి దాంతోనే తిరిగారు. 1942 జులైలో లైఫ్ పత్రిక ముఖచిత్రం మీద సైనిక శిక్షణ కేంద్రం పేరు అచ్చేసిన టీషర్టుతో ఒక కుర్రాడు కనిపిస్తాడు. 1951లో సినిమాలో మార్లన్ బ్రాండో వేసుకున్నాక బనీను కాస్తా ఫ్యాషనైంది. ఆ తర్వాత స్క్రీన్ ప్రింటింగు చవకై, అరవైలూ డెబ్భైల నాటికి రాజకీయం, సంగీతం, బీరు, కాలేజీ అన్నీ మనిషి ఛాతీ మీదికెక్కాయి. మన దాకా వచ్చేసరికి తిరుప్పూరులో కుట్టి, ఏ ఆఫీసులోనో అట్టపెట్టెల్లో దిగి, సైజు అడక్కుండా పంచే వస్తువైంది. చివరికి అందరికీ ఎక్స్‌ఎల్లే మిగుల్తుంది, గమనించారా?

ఇలా రాత ఉన్న బట్ట మామూలు మనిషి రోజువారీ బట్టయింది. రామనామం అచ్చేసిన శాలువాలు మనకి ముందే ఉన్నా, అవి భక్తితో కప్పుకునేవి. టీషర్టు మీద రాత మనది కాదు. ఎవరో పంచారు, మనం వేసుకున్నాం.

ఆ టీషర్టు ఒక జ్ఞాపకానికి నిజంగా పనికొచ్చింది ఎయిడ్స్ క్విల్టులో. 1985 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కొవ్వొత్తుల ఊరేగింపు జరిగింది. ఎయిడ్స్‌తో పోయిన తమవాళ్ళ పేర్లు అట్టల మీద రాసి తెచ్చి, ఒక ప్రభుత్వ భవనం గోడకి అంటించారు. ఆ గోడ క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త కంటికి అతుకుల క్విల్టులా కనిపించింది. అలా 1987లో నేమ్స్ ప్రాజెక్టు మొదలైంది. ఒక్కో మనిషికీ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు గుడ్డ. ఆ కొలత యాదృచ్ఛికం కాదు, సమాధి కొలత. ఆ రోజుల్లో ఎయిడ్స్ అంటే శవాన్ని తీసుకోడానికి కొన్ని అంత్యక్రియల సంస్థలు ఒప్పుకునేవి కావు. కొన్ని కుటుంబాలు కొడుకు ఎలా పోయాడో ఊళ్ళో చెప్పుకోలేదు. కొన్ని గుడ్డల మీద ఇప్పటికీ ఇంటిపేరు ఉండదు. మరి వాళ్ళ గుర్తుగా ఏం కుట్టాలి? వాళ్ళు వేసుకున్న టీషర్టులు, జీన్సు ప్యాంట్లు, చిన్నప్పటి బొమ్మలు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్ నేషనల్ మాల్ మీద 1,920 గుడ్డలు పరిచారు. 1996లో మొత్తం పరిస్తే మాల్ అంతా నిండిపోయింది. ఇప్పుడు దాదాపు 50 వేల గుడ్డలు, లక్షా పదివేలకి పైగా పేర్లు, బరువు 54 టన్నులు. పేరు దాచిన సమాజం ముందు పేరు రాసి పరిచారు వాళ్ళు. అక్కడ అక్షరానికి ఉన్న విలువ నేను కాదనను. కానీ చూడండి, పేరు కుట్టి ఊరుకోలేదు. ఆ మనిషి ఒంటిమీద ఉన్న బట్ట కూడా కావలసొచ్చింది.

ఇదంతా నేను ఎందుకు చదివానో కూడా చెప్పాలి కదా. మాది పల్నాడు వైపు. పత్తీ మిరపా పండించే ఊరు. నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ పండక్కి ఊరెళ్ళినప్పుడల్లా ఆఫీసులో ఇచ్చిన టీషర్టులు పట్టుకెళ్ళేవాణ్ణి. నాన్న వాటిని లుంగీ మీద వేసుకుని చేలోకి వెళ్ళేవాడు. నల్లరేగడి చేలో, "క్లౌడ్ మైగ్రేషన్ విజయోత్సవం" అని వీపు మీద, ఛాతీ మీద రాసుకుని మిరపకి నీళ్ళు కట్టే రైతు. ఈ దృశ్యం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, దేశంలో సాఫ్టువేరు టీషర్టులు ఎక్కువ అరిగేది పొలాల్లోనే అని నా గట్టి నమ్మకం. ఒక్కటే ఇబ్బంది, టీషర్టుకి జేబుండదు. జేబు లేని చొక్కా కూడా ఒక చొక్కానేనా అని నాన్న మా ఊరి టైలరు చేత ప్రతిదానికీ జేబు వేయించాడు. ఏ ముక్క మిగిలితే ఆ ముక్కతో, చారలదొకటి, గళ్ళదొకటి. అందులో ఫోనూ, బీపీ బిళ్ళలూ, ఎరువుల కొట్టు చీటీలూ.

2018లో నాన్న పోయారు. మా వైపు పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు, ఎవరికైనా ఇచ్చేస్తారు. కర్మకాండ అయ్యాక పంచెలు, చొక్కాలు వెళ్ళిపోయాయి. దండెం మీద టీషర్టులు మాత్రం అలాగే ఉన్నాయి. మా పెద్దమ్మ చూసి, "ఇయ్యెందుకు ఉంచావే? పోయినోళ్ళ గుడ్డలు ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా?" అంది. అమ్మ తడుముకోకుండా, "ఆయనయి కాదులే అక్కా, పిల్లోడి కంపెనీయి. చూడు, పేరు రాసుంది" అంది.

పెద్దమ్మకి చదువు రాదు. రాసుందంటే రాసుందనే నమ్మింది. నేనేమీ మాట్లాడలేదు.

ఆ పన్నెండు టీషర్టులే తర్వాత బొంతయ్యాయి. అమ్మే అడిగింది. ఊళ్ళో బొంతలు కుట్టే ఆవిడ పట్టుకు చూసి, చీరలైతే కళ్ళు మూసుకుని కుడతాను గానీ ఈ సాగే గుడ్డ నా వల్ల కాదు అనేసింది. ఆవిడ మాట సాంకేతికంగా నూటికి నూరుపాళ్ళు కరెక్టు. చీర నేసిన బట్ట, పడుగూ పేకా ఉంటాయి, లాగితే సాగదు. టీషర్టు అల్లిన బట్ట, స్వెట్టరు లాగా దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది. కత్తిరించగానే అంచు చుట్టుకుపోతుంది, కుడుతుంటే సాగి వంకర పోతుంది. దీనికి విరుగుడు, ఇస్త్రీ పెడితే అంటుకుపోయే పల్చటి అస్తరు. కాలర్లకి వేసేదాని కన్నా పల్చనిది కావాలి. మా టైలరు ముందు ముక్కల వెనక దాన్ని అంటించి, ఆ తర్వాత అన్నీ ఒకే కొలతకి కోశాడు. ముందు అంటించి తర్వాత కొయ్యాలి, వరస మారితే పాడైపోతుంది. చదరం పధ్నాలుగు అంగుళాలు, కుట్టులోకి పోయేందుకు నలువైపులా పావంగుళం అదనం. మూడు వరసలు అడ్డం, నాలుగు నిలువు. ఒక్కో టీషర్టుకి ముందు భాగం ఒకటి, వెనక భాగం ఒకటి వస్తాయి కదా, ముందు భాగాలన్నీ ఒక వైపు, వెనక భాగాలన్నీ రెండో వైపు వేశాడు. మధ్యలో దూది బదులు అమ్మ పాత నూలు చీర. అప్పుడు ఆ బొంతలావిడ సంతోషంగా చుట్టూ కుట్లు వేసిచ్చింది.

ఒక వైపు చూస్తే నా ఉద్యోగ చరిత్ర. పన్నెండు లోగోలు, మధ్యలో చారల జేబులు. (జేబులు పీకొద్దని, నోరు కుట్టెయ్యొద్దని అమ్మ ముందే చెప్పింది. ఒకదాంట్లో ఇప్పుడు తన జండూబామ్ ఉంటుంది.) తిప్పితే, వెనక భాగాలు. వంగి పనిచేసే మనిషికి ఎండంతా వీపు మీదే పడుతుంది. అక్షరాలు పెచ్చులూడిపోయి కనబడవు. పన్నెండు రంగులూ వెలిసి వెలిసి దాదాపు ఒకే రంగయ్యాయి. అందులో నా ప్రాజెక్టులేవీ లేవు. మొత్తం నాన్నే.

అమ్మ పగటిపూట లోగోల వైపు పైకి వేసి మడుస్తుంది, పెద్దమ్మ వస్తుంటుంది కాబట్టి. రాత్రి తిప్పుకుంటుంది.

పోయినవాళ్ళ బట్ట గురించి మన పట్టింపుల్ని నేను వెక్కిరించడం లేదు. చావు అంటే భయం ఉన్నచోట బట్టంటే భయం ఉంటుంది. కానీ మన నేలమీదే దీనికి ఎదురు సంప్రదాయం కూడా ఉండేదని గుర్తుంచుకుంటే మంచిది. బౌద్ధ భిక్షువులు చెత్తకుప్పల్లో, స్మశానాల్లో పడేసిన గుడ్డ పీలికలు ఏరి, ఉతికి, అతికి కట్టుకునేవాళ్ళు. మగధలో గట్లు కట్టిన మళ్ళని చూపించి, బట్టముక్కల్ని అలా కలిపి కుట్టించమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడని వినయ పిటకంలో ఉంది. అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ తిరిగిన భిక్షువులదీ ఆ సంప్రదాయమే. మా పల్నాడులోనే అన్నమాట, చూడబోతే.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, టీషర్టుల బొంత కుట్టించుకోవాలనుకుంటే తప్పకుండా కుట్టించుకోండి. కానీ ఎంచేటప్పుడు లోగో చూసి ఎంచకండి. కవరు విప్పని టీషర్టు కంపెనీ జ్ఞాపకం, మీది కాదు. ఎవరికైనా ఇచ్చెయ్యండి, వేసుకుంటారు. మెడ దగ్గర సాగినవీ, పసుపు మరక పడ్డవీ, పిల్లాణ్ణి ఎత్తుకుంటే భుజం మీద పాలు కక్కి మచ్చ మిగిలినవీ తియ్యండి. టైలరు "ఇది చిరిగింది సార్, బాగున్న చోట కోస్తా" అంటాడు. చిరిగిన చోటే కావాలని చెప్పండి. పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తాడు, ఫరవాలేదు.

ఇంకొక్క పని. మ్యూజియాల్లో ఉన్న పాత క్విల్టుల్లో చాలావాటికి కుట్టిందెవరో తెలీదు. మన అమ్మమ్మల బొంతలకైతే అసలు అడిగే దిక్కే లేదు. అరుగుదల అంతా చెప్తుంది గానీ పేరు చెప్పదు, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు ఉన్నంత కాలమే దాని మాట అర్థమవుతుంది. అందుకని ఒక మూల చిన్న తెల్లగుడ్డ కుట్టించి, ఎవరి బట్టలు, ఎవరు కుట్టారు, ఏ సంవత్సరం అని చెరగని సిరాతో తెలుగులో రాయండి. మన వృత్తిలో వాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెప్పాలా? కామెంటు రాయకుండా వదిలేసిన కోడు రెండేళ్ళకి ఎవరికీ అర్థం కాక పారేసిన సంగతి మనకి తెలియంది కాదు.

మా బొంత మీద ఆ గుడ్డ వెనక వైపు మూల ఉంది. మూడు పేర్లు, 2019. పెద్దమ్మ చదవలేదు కాబట్టి ఇప్పటిదాకా ఏ గొడవా లేదు. మీ ఇళ్ళల్లో నాన్నలు అరగదీసిన కంపెనీ టీషర్టులు ఉన్నాయా? ఉంటే, పారేసే ముందు ఒకసారి తిప్పి వెనక వైపు చూడండి.